ఇరవై పేర్ల కాగితం

మా ఆయన ప్రతి చలికాలం ఒక కాగితం మీద ఇరవై పేర్లు రాసేవారు. కత్తిరింపు కోసం గుడ్డ మీద పరిచే మందపాటి గోధుమరంగు కాగితంలోంచి ఒక ముక్క చించి, గీతలు గీసే నీలం పెన్సిలుతోనే రాసేవారు. ఆ పేర్లు చుట్టాలవి కావు, బట్టలు కుట్టించుకునేవాళ్లవీ కావు. మా ఊరి బేస్‌బాల్ జట్టు ఆటగాళ్లవి.

ఆ జట్టు గుర్తు తెల్లకొంగ. ఊళ్లో పారే చొన్‌జు ఏటి రెల్లులో ఒంటికాలి మీద నిలబడే కొంగలు మాకు రోజూ కనిపించేవే. నాలుగేళ్లుగా జట్టు అట్టడుగునే ఉండిపోయింది కాబట్టి, ఇంకెన్నాళ్లని ఒంటికాలి మీద నిలబడతారు, రెండో కాలు దించరేం అని దక్షిణ బజారులో అందరూ ఆడిపోసుకుంటారు. మా ఆయన మాత్రం ఆ మాటకు నవ్వేవారు కాదు.

ఆయన పేరు తాక్ గీహో. దక్షిణ బజారులో ముప్పై ఎనిమిదేళ్లు బడిపిల్లల యూనిఫారాలు కుట్టారు. మొదట్లో కొత్త తరగతులు మొదలయ్యే ముందు మా కొట్టు ముందు తల్లులు వరస కట్టేవారు. తర్వాత కుట్టి సిద్ధంగా పెట్టిన యూనిఫారాలు పెద్ద దుకాణాల్లోకి వచ్చాయి. వరస తగ్గింది, ఆ తర్వాత లేకుండా పోయింది. చివరికి ఆ సిద్ధం బట్టల్లో పట్టని పిల్లలు మాత్రమే మిగిలారు. మరీ సన్నగా ఉన్నవాళ్లు, కుస్తీ పిల్లలు, ఒక భుజం కిందికి ఉన్నవాళ్లు. వాళ్లను కుర్చీ మీద నిలబెట్టి కొలతలు తీస్తూ ఆయన చాలా సంతోషంగా ఉండేవారు. ఏ ప్యాంటు కుట్టినా అడుగున రెండు వేళ్ల మడత లోపలికి వదిలేవారు. పిల్లాడు ఎదిగాక వస్తే విప్పి పొడుగు చేసేవారు. మడత విప్పడానికి వచ్చిన పిల్లాణ్ణి చూస్తే ఆయనకు కొత్త బేరం వచ్చినంత ఆనందం.

గుండీలు కుట్టే పని నాది. నేను బళ్లో ఐదేళ్లు చదివాను, అంతే. కొట్టుకు వెళ్లేదాన్ని కాదు. సాయంత్రం ఆయన సంచిలో చొక్కాలూ కోట్లూ తెచ్చేవారు, నేను వంటయ్యాక కిటికీ దగ్గర కూర్చుని గుండీలు కుట్టి ఇచ్చేదాన్ని. కొలతల పుస్తకంలో ప్రతి పిల్లాడి పేజీలో చివరి వరస గుండీలది. అక్కడ ఆయన 'ఇంట్లో' అని రాసుకునేవారు. ఆ మాటకు అర్థం నేను.

ఆ ఇరవై పేర్ల సంగతి ఆయన నాకు ఒక్కసారే చెప్పారు. మా అమ్మాయి పెళ్లి చూసుకుని బస్సులో తిరిగివస్తున్నాం. దారి పొడుగు, ఇద్దరం ఏం మాట్లాడుకోవాలో తెలియక కూర్చున్నాం.

"మన జట్టు పక్క జట్టు నుంచి ఒక పెద్ద ఆటగాణ్ణి తెచ్చుకుందనుకో. వాళ్లు ఊరికే పంపరు కదా. బదులుగా మనవాళ్లలో ఒకణ్ణి తీసుకుపోతారు. అయితే ఇరవైమందిని మనం దాచుకోవచ్చు. వాళ్ల పేర్లు రాసిస్తే వాళ్ల జోలికి రారు. మిగిలినవాళ్లలోంచి ఏరుకుంటారు," అన్నారు.

"మరి ఇరవై ఒకటోవాడు?"

"అదే కదా. నిద్ర పట్టనిది వాడి గురించే."

ఆ జట్టు ఆఫీసువాళ్లు రాసే అసలు జాబితా బయటికి రాదు. ఎవరు పోయారన్నదే తెలుస్తుంది. కానీ బజారులో ముగ్గురు మగవాళ్లు, ఆ ఆఫీసు తమదే అన్నట్టు, ఎవరి జాబితా వాళ్లు రాసుకుని ఓక్‌బున్ అక్క మొలకల పులుసు కొట్లో పొద్దున్నే కూర్చుని కొట్టుకునేవాళ్లు. మా ఆయన, ఎండుచేపలమ్మే మేంగ్, బడిబస్సు నడిపి మానేసిన హామ్.

ఇంట్లో మాత్రం ఆ మాట వచ్చేదే తక్కువ. దానికి కారణం నేను. అమ్మాయి చిన్నప్పుడు, ఒకరోజు అన్నాల దగ్గర ఆయన చెంచాతో గిన్నె మీద కొడుతూ ఎవరో ఎలా కొట్టారో చూపిస్తుంటే, "అన్నం దగ్గర ఆ గోల వద్దు" అన్నాను. విసుగులో అన్న మాట. ఆయన చెంచా పక్కన పెట్టారు. ఇరవై రెండేళ్లు అన్నం దగ్గర మళ్లీ ఆ ఊసెత్తలేదు. అంత చిన్నమాటను ఒక మనిషి అంతకాలం పట్టుకుని ఉంటాడని నాకు తెలియలేదు. తెలిసుంటే నేనే అడిగేదాన్ని.

నేను వాళ్ల గొడవ విన్నది ఒకే ఒక్క పొద్దున. కళ్లజోడు మర్చిపోయి వెళ్లారని తీసుకెళ్లాను. ముగ్గురూ పొయ్యి చుట్టూ ఉన్నారు, ముందు గిన్నెల్లో పులుసు పొగలు కక్కుతోంది.

మేంగ్ అంటున్నాడు, "కొనాలిరా. ఏడాదికి ముప్పైసార్లు బంతిని గోడ దాటించేవాడు ఒకడు మధ్యలో ఉంటే, కుర్రాళ్లు వాడి నీడన ఎదుగుతారు."

"నీడన పాలిపోతారు," అన్నారు మా ఆయన. "ఆరో తరగతివాడికి తండ్రి కోటు తొడిగితే పెద్దవాడైపోతాడా? కొలత తీసి కుట్టాలి. మడత వదలాలి. ఏడాదికోసారి విప్పాలి."

"నువ్వు విప్పుతూ కూర్చో. నాకు అరవై మూడు. మీ కుర్రాళ్లు ఎదిగేలోపు నేనూ నా కొట్లో వేలాడే ఎండుచేపనైపోతాను."

"ఇప్పుడు మాత్రం ఏం తేడా ఉంది? ఉప్పు తక్కువ, అంతే," అంది ఓక్‌బున్ అక్క, గుడ్డు పగలగొడుతూ.

హామ్ నవ్వి, "అన్నా, నువ్వు కొనమన్న ఆ లావుపాటాయన మొన్నేడాది మోకాలు పట్టుకుని ఎన్నిరోజులు కూర్చున్నాడు?" అన్నాడు.

"కూర్చుంటే కూర్చున్నాడు. మీ కుర్రాళ్లు నిలబడి ఏం పీకారు?"

మా ఆయన నన్ను చూశారు. ముఖం ఒక్కసారి ఎర్రబడింది. నేను దొంగతనం పట్టుకున్నట్టు. కళ్లజోడు తీసుకుని, "తింటావా?" అన్నారు. ఇంట్లో పొయ్యి మీద అన్నం పెట్టి వచ్చానని వెళ్లిపోయాను. ఆ రోజు అక్కడ కూర్చుని ఒక గిన్నె పులుసు తాగుంటే ఏం పోయేది?

ఇంక ఆ అబ్బాయి గురించి చెప్పాలి. వాడి పేరు బాన్ సొనూ. ఐదేళ్ల కిందట పై బడిలో చేరుతూ కొట్టుకు వచ్చాడు. క్యాచర్. పొద్దస్తమానం గొంతుక్కూర్చుని బంతులు పట్టేవాళ్లకు తొడలు బండరాళ్లలా ఉంటాయట. నడుముకు సరిపోయిన సిద్ధం ప్యాంటు వాడి తొడలకు ఎక్కలేదు. మా ఆయన వాడి ప్యాంటు మూడేళ్లలో నాలుగుసార్లు విప్పి కుట్టారు. ఆ తర్వాత కొంగల జట్టువాళ్లు వాణ్ణి తీసుకున్నారు, అందరికన్నా చివర్లో, ఏదో మిగిలిందని తీసుకున్నట్టు. రెండో జట్టులో వేశారు. ఆ రెండో జట్టు ఆడేది ఊరవతల పొలాల మధ్య మైదానంలో. మా ఆయన వారానికోసారి బస్సెక్కి అక్కడికి పోయేవారని నాకు తర్వాత తెలిసింది. చూసేవాళ్లు పదిమంది కూడా ఉండరట.

ఒకసారి, పోయిన వసంతంలో, నేను గుండీ కుడుతుంటే ఉన్నట్టుండి అన్నారు. "సొనూ పెద్ద మైదానంలో ఆడే రోజు నువ్వూ రావాలి. మూడో మూల వైపు కూర్చుంటే వాడి ముఖం కనిపిస్తుంది."

"నాకేం తెలుసు ఆ ఆట," అన్నాను.

"తెలియక్కర్లేదు. వాణ్ణి చూడు. వాడి మొదటి ప్యాంటు గుండీ కుట్టింది నువ్వే."

సరేనన్నాను. నలభై ఏళ్లలో ఆయన నన్ను రమ్మని అడిగింది ఆ ఒక్కచోటికే.

అక్టోబరు ఆఖరున ఆయన ఆయాసమని ఆసుపత్రికి వెళ్లారు. నవంబరు ఆరున పోయారు. గుండెకు నీరుపట్టిందన్నారు. నేను ఆ వారం క్యాబేజీలు చెప్పి ఉంచాను, కిమ్చీ పెట్టడానికి. ఏటా ముప్పై. కూరల కొట్టు అమ్మాయి ఫోన్ చేసి ఎన్ని తేవాలని అడిగితే, ఎనిమిది అన్నాను. ఎనిమిది కూడా ఎక్కువే అయ్యాయి.

మూడు వారాలు గడిచాయి. ఒక పొద్దున హామ్, మేంగ్ ఇద్దరూ వచ్చి గుమ్మం బయట నిలబడ్డారు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియని పిల్లల్లా ఉన్నారు. లోపలికి రమ్మని బార్లీ నీళ్లిచ్చాను. ఫొటో ముందు వంగి దణ్ణం పెట్టారు.

"వదినా," అన్నాడు హామ్ చివరికి. "కొంగలు కూ తేసోప్‌ని తెచ్చుకున్నాయి. ఆ లావుపాటాయన్నే. నాలుగేళ్లకు సంతకం పెట్టాడు."

"మరి మీకు సంతోషమేగా," అన్నాను మేంగ్‌తో.

"సంతోషమే," అన్నాడు మేంగ్, గ్లాసులోకి చూస్తూ. "కానీ కాదు అనేవాడు లేడు. ఈ హామ్‌గాడితో నాకు కుదరదు. రెండు మాటలకే 'సరేలే అన్నా' అంటాడు. పులుసు చల్లారకముందే గొడవైపోతోంది."

హామ్ అన్నాడు, "అన్న ఈ ఏడాది కాగితం రాశాడా వదినా? రాస్తే దాన్ని కూడా బల్ల మీద పెట్టుకుందామని. నాలుగు రోజుల్లో అవతలివాళ్లు ఎవర్ని తీసుకుంటున్నారో చెప్తారు. మాకు బాన్ సొనూ గురించే బెంగ. ఇరవై ఏళ్ల క్యాచర్ని ఎవరు వదులుతారు?"

ఆయన పోయాక నేను కొట్టు తలుపు తెరవలేదు. ఆ రోజు తెరిచాను. మైనం వాసన, ఇస్త్రీ వాసన అలాగే ఉన్నాయి. కత్తిరింపు కాగితాల సొరుగులో పైనే ఉంది ఆ పేర్ల కాగితం. పైన తేదీ, ఆసుపత్రికి వెళ్లడానికి ఐదు రోజుల ముందుది. నేను చదవలేదు. మడిచి జేబులో పెట్టుకుని, మర్నాడు పొద్దున ఓక్‌బున్ అక్క కొట్టుకు తీసుకెళ్లాను. అక్క ఏమీ అడక్కుండా ఆయన కూర్చునే చోట నన్ను కూర్చోబెట్టి పులుసు గిన్నె ముందు పెట్టింది.

హామ్ కాగితం విప్పి పైకి చదివాడు. ఒకటి, రెండు, మూడు. మేంగ్ ఒక్కో పేరుకీ ఏదో ఒకటి గొణిగాడు. "వీడా, వీడికి పరిగెత్తడం రాదు." "ఊఁ, వీణ్ణి నేనూ రాశాను." పందొమ్మిదికి వచ్చేసరికి హామ్ గొంతు నెమ్మదించింది. ఇరవయ్యో పేరు చోన్ ఇన్‌బే. ఎడమచేతి వాటం కుర్రాడట, పేరు కూడా పెద్దగా ఎవరికీ తెలియదట.

హామ్ కాగితం తిరగేశాడు. వెనక ఏమీ లేదు.

"సొనూ లేడు," అన్నాడు.

"మళ్లీ చదువు."

మళ్లీ చదివాడు. లేడు.

మేంగ్ నవ్వబోయి ఆగాడు. "చివరికి నా దారికే వచ్చాడన్నమాట, మొండి ముసలాడు. కుర్రాళ్ల మీద ఆశ వదులుకున్నాడు." గెలిచినవాడి గొంతులా లేదు. "నేనే రాశానురా సొనూ పేరు. నేను రాశాను, వాడు రాయలేదు."

నేను గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాను. మొలకల మీద గుడ్డు గడ్డకట్టింది. నాకు బేస్‌బాల్ తెలియదు. కానీ ఒకటి తెలుసు. ఆ అబ్బాయి మీద ఆశ వదిలేసుకున్నారంటే, నన్ను రమ్మన్న ఆ రోజు మీద కూడా వదిలేసుకున్నట్టే. నాతో చెప్పలేదు, అంతే. ఐదు రోజుల ముందే తెలిసిపోయిందేమో ఆయనకు. తెలిసి, నీలం పెన్సిలు పట్టుకుని, ఇంక ఎదురుచూసే పని లేదనుకుని ఎవరో ఇన్‌బే పేరు రాసుకుని లేచారేమో. అలా అయితే, నేను ఇన్ని రోజులుగా ఎదురుచూస్తున్నది దేని కోసం?

"తిను చెల్లీ," అంది ఓక్‌బున్ అక్క. రెండు చెంచాలు తాగి లేచాను.

ఇంటికి పోలేదు. కాళ్లు కొట్టువైపే తీసుకెళ్లాయి. ఆయన కుర్చీలో కూర్చుని కొలతల పుస్తకం తీశాను. ఎందుకని అడిగితే చెప్పలేను. సొనూ పేజీ చూడాలనిపించింది. నాకు త్వరగా చదవడం రాదు, వేలు పెట్టి వరస వరసా చదువుకుంటాను. నడుము, తొడ, పొడుగు. మళ్లీ నడుము, తొడ, పొడుగు. తొడ కొలత కొట్టేసి కొట్టేసి రాసి ఉంది. బడి అయిపోయాక పేజీ ఖాళీ. దాని కింద, ఈ అక్టోబరు తేదీతో, కొత్త వరస.

'కోటు. ముదురు నీలం. నవంబరు పదమూడున సైన్యానికి. పెద్ద మైదానానికి వేసుకెళ్లడానికి. ఇచ్చేది వచ్చే ఏడు కాదు, ఆ పై ఏడు మే. చేతులు రెండు వేళ్లు వదలాలి, ఇంకా ఎదుగుతాడు. గుండీలు ఇంట్లో.'

ఆయన కొలతల పుస్తకంలో అంత పొడుగు రాత నేనెప్పుడూ చూడలేదు.

సైన్యం అంటే ఏడాదిన్నర, మగపిల్లలెవరికీ తప్పనిది. మా ఊళ్లో ప్రతి తల్లికీ ఆ లెక్క నోటికి వచ్చు. సొనూ పదమూడునే వెళ్లిపోయాడు. ఆ మాట ఆయనకు తెలుసు, అక్టోబరులోనే. నాకు చెప్పలేదు, స్నేహితులకూ చెప్పలేదు. ఆ అబ్బాయి ఎవరితోనూ అనొద్దన్నాడేమో. నాకు చెప్పాలంటే అన్నం దగ్గరే చెప్పాలి. అక్కడ ఆ మాట వద్దన్నది నేనే.

పుస్తకం చంకన పెట్టుకుని మళ్లీ పులుసు కొట్టుకు వెళ్లాను. ఇద్దరూ ఇంకా అక్కడే ఉన్నారు. ఆ కాగితం బల్ల మీదే ఉంది.

"హామ్," అన్నాను. "సైన్యానికి పోయినవాణ్ణి అవతలివాళ్లు తీసుకోవచ్చా?"

"తీసుకోకూడదు వదినా. సైన్యంలో ఉన్నవాడి మీద చెయ్యి వేయరు. అసలు వాళ్ల పేర్లు రాయక్కర్లే…" హామ్ నోరు తెరిచినవాడు అలాగే ఆగిపోయాడు.

పుస్తకం వాళ్ల ముందు పెట్టి వేలు చూపించాను. మేంగ్ కళ్లజోడు నుదుటి మీదినుంచి కిందికి దించుకుని చదివాడు. చదివి, తన జేబులోంచి తన కాగితం తీశాడు. అందులో సొనూ పేరు మూడోది. హామ్ కాగితంలో మొదటిదే.

"మనిద్దరం ఒక్కో చోటు పాడు చేసుకున్నాం," అన్నాడు హామ్. "ఎవరూ ఎత్తుకుపోలేనివాడి పేరు రాసి కూర్చున్నాం. అన్న ఆ చోటులో ఇంకో కుర్రాణ్ణి దాచాడు."

"దొంగ ముసలాడు," అన్నాడు మేంగ్. "చెప్పకుండా దాచుకుని, మన కాగితాలు చూసి నవ్వుదామనుకుని ఉంటాడు." ఆ మాట అంటూ కాగితాన్ని అరచేత్తో సాపు చేశాడు, మడత పోయేదాకా, చాలాసేపు. "ఈ ఒక్కసారీ నవ్వి పోవాల్సిందిరా."

ఓక్‌బున్ అక్క దాల్చినచెక్క వేసి కాచిన కల్లు నాలుగు గ్లాసుల్లో పోసి మా ముగ్గురి ముందు పెట్టింది. నాలుగోది ఎవరికని ఎవరూ అడగలేదు.

మూడు రోజులకు కబురు వచ్చింది. అవతలి జట్టు యాంగ్ దూషిక్‌ని తీసుకుంది. ముప్పై ఒక్కేళ్లవాడు, ఏ మూల నిలబెట్టినా సర్దుకుపోయే మనిషి. మేంగ్‌కు జట్టులో అందరికన్నా ఇష్టమైనవాడు. కూ తేసోప్‌ని కొనమని నాలుగేళ్లు గోలపెట్టింది తనే, దాచడానికి చోటు లేక పోయిందీ తనవాడే. రెండు రోజులు కొట్టు తీయలేదట.

"ఇప్పుడు తెలిసిందా అన్నా ఇరవై ఒకటోవాడి సంగతి," అన్నాడట హామ్.

"నోర్ముయ్. గీహో అంటే పడేవాణ్ణి. నువ్వంటే పడను," అన్నాడట మేంగ్. ఇదంతా అక్క చెప్పింది.

నేను కొట్లో వెతికితే కోటు దొరికింది. గోడన బొమ్మకు తొడిగి, పైన తెల్లగుడ్డ కప్పి ఉంది. పెద్ద పెద్ద కుట్లతో తాత్కాలికంగా కలిపి ఉంది, వెనక భాగం, రెండు ముందు భాగాలు. చేతులు వేయలేదు. కత్తిరించి, చుట్టి, దారంతో కట్టి పక్కన పెట్టారు. చివర రెండు వేళ్ల మడత కోసం సుద్దగీత గీసి ఉంది. నా వేళ్లు ఆ గీత మీద పెట్టి చూశాను. ఆయన వేళ్లు నావాటికన్నా లావు. నా లెక్కన అది మూడు వేళ్లు.

పక్క సందులో దర్జీ ఒకాయన ఉన్నాడు, మా ఆయన దగ్గర ఒకప్పుడు పని నేర్చుకున్నవాడు. చూసి, "వారంలో పూర్తి చేసి ఇస్తానమ్మా," అన్నాడు.

"తొందరేం లేదు," అన్నాను. "వచ్చే ఏడు కాదు, ఆ పై ఏడు మేలో కావాలి. వచ్చే చలికాలం మొదలుపెట్టు."

అతను నా ముఖం చూసి సరేనన్నాడు.

వసంతం రాగానే పెద్ద మైదానం తెరుస్తారు. మొదటి ఆటకు రమ్మని హామ్ అడిగాడు, వదినకు కూడా సీటు చూస్తానని. మూడో మూల వైపే చూస్తానన్నాడు. వద్దన్నాను. వెళ్లాలని లేక కాదు. మేం అనుకున్నది ఆ అబ్బాయి ఆడే రోజు. ఆ రోజు ఇంకా రాలేదు. అది రాకముందే వెళ్లి కూర్చుంటే, ఆయనకంటే ముందు అన్నం తినేసినట్టుంటుంది.

ఇప్పుడు అన్నం ముందు పెట్టుకుని, ఫొటో ముందు ఆయన గిన్నె పెట్టి, చిన్న రేడియో పెడుతున్నాను. చలికాలంలో ఆటలుండవు. ఎవరెవరో మాట్లాడుకుంటారు, కొత్తగా తెచ్చుకున్నవాళ్ల గురించి, కుర్రాళ్ల గురించి, ఎవర్ని ఆడించాలన్న దాని గురించి. నాకు సగం అర్థం కాదు. ఒక్కోసారి ఎవరో కొనాలంటారు, ఇంకెవరో ఆగాలంటారు. ఆగాలన్నవాడి గొంతు వినిపించినప్పుడు చెంచా కాసేపు ఆపుతాను.

మొన్న గుండీల డబ్బా తీసి, ముదురు నీలానికి సరిపోయేవి ఏరాను. ముందువి మూడు పెద్దవి, చేతులకు నాలుగేసి చిన్నవి. ఒకటి తక్కువైతే ఆయన పాత కోటు చేతి గుండీ ఒకటి విప్పాను. పదకొండూ ఒకే దారానికి గుచ్చి, ముడివేసి, చేతులు లేని ఆ కోటు లోపలి జేబులో వేసి, తెల్లగుడ్డ మళ్లీ కప్పాను.